స్ట్రైడింగ్ ఎడ్జ్ దాటాక క్రిబ్ గోఖ్‌కు ఎప్పుడు వెళ్ళవచ్చు?

ప్రశ్న: పెన్నైన్ బాటసారి, మాంచెస్టర్

నమస్కారం. నేను మాంచెస్టర్‌లో ఉద్యోగం చేస్తున్నాను. వారాంతాల్లో పీక్ డిస్ట్రిక్ట్‌లోనూ లేక్ డిస్ట్రిక్ట్‌లోనూ కొండదారుల్లో నడవడం కొన్నేళ్ళుగా అలవాటు. రోజంతా నడవడం, మబ్బు కమ్మినప్పుడు మ్యాపూ దిక్సూచీ చూసుకుని దారి పట్టుకోవడం నాకు ఇబ్బంది కాదు. నిరుడు జూన్‌లో గ్లెన్‌రిడ్డింగ్ నుంచి బయలుదేరి, స్ట్రైడింగ్ ఎడ్జ్ అనే సన్నని కొండగట్టు మీదుగా లేక్ డిస్ట్రిక్ట్‌లోని హెల్వెల్లిన్ శిఖరం చేరి, స్విరల్ ఎడ్జ్ మీదుగా దిగాం. రాయి పొడిగా ఉంది, గాలి లేదు. గట్టు చివర చిమ్నీ అని పిలిచే చిన్న చీలికలోంచి దిగవలసిన చోట తప్ప ఇంకెక్కడా జంకు కలగలేదు. అక్కడ మాత్రం ముఖం రాతివైపు తిప్పుకుని, కాలు ఎక్కడ ఆనించాలో కనిపించక, ముందే దిగిన స్నేహితురాలు "ఇంకొంచెం ఎడమకు" అని చెబుతుంటే ఆ మాట పట్టుకుని దిగాను.

అప్పటి నుంచి చేతులు కూడా వాడుతూ ఎక్కవలసిన దారుల మీదికి, అంటే స్క్రాంబ్లింగ్ మీదికి, మనసు పోతోంది. ఈ వేసవిలో వేల్స్‌లోని క్రిబ్ గోఖ్ గట్టు మీదుగా స్నోడన్ శిఖరం ఎక్కాలనీ, మరి కొన్నాళ్ళకు స్కాట్లండ్‌లో గ్లెన్‌కో లోయకు అంచుగా నిలిచిన ఏనఖ్ ఏగఖ్ గట్టు దాటాలనీ కోరిక. మేం ముగ్గురం కలిసి వెళ్తాం, ముగ్గురిదీ దాదాపు ఒకే స్థాయి, తాడు వాడడం ఎవరికీ తెలియదు.

స్ట్రైడింగ్ ఎడ్జ్‌కు కష్టాన్ని చెప్పే అంకెగా గ్రేడ్ 1 అని రాసి ఉంది, క్రిబ్ గోఖ్‌కూ గ్రేడ్ 1 అనే రాసి ఉంది. కానీ రెండింటి మీదా నడిచినవారెవరూ అవి సమానమని నాతో చెప్పలేదు. అలాంటప్పుడు గ్రేడ్‌ను ఎంతవరకు నమ్మాలి? ఒక దారి నుంచి దానికంటే కష్టమైన దారికి వెళ్ళడానికి సిద్ధమయ్యామని ఎలా తెలుసుకోవాలి? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: ఓగ్వెన్ లోయ, బాంగర్

బాటసారి గారూ, మీరు రాసిన వివరంలోనే సగం జవాబు ఉంది. స్ట్రైడింగ్ ఎడ్జ్ పొడవునా మీకు జంకు కలిగింది ఒక్కచోటే, అది దిగవలసిన చోటు. ఈ దారుల్లో ఎక్కడమంతా ఒక ఎత్తు, దిగడం ఒక్కటీ ఒక ఎత్తు. ఎక్కేటప్పుడు పట్టు కంటికి ఎదురుగా ఉంటుంది, చేయి దాన్ని చూసి అందుకుంటుంది, కాసేపటికి కాలు కూడా అదే చోటికి వస్తుంది. దిగేటప్పుడు కాలు కనిపించని చోటికి ముందు వెళ్ళాలి, ఒంటి బరువు దాని వెనక వెళ్ళాలి. అందువల్ల ఎక్కగలిగిన చోటల్లా దిగగలమని అనుకోవడానికి వీల్లేదు. వేల్స్‌లోని మా ఓగ్వెన్ లోయలో కొండ సహాయక దళాన్ని పిలిచే సందర్భాల్లో ఒక రకం పదేపదే వినిపిస్తుంది. దారి తప్పి, ఎక్కగలిగినంత మేర ఎక్కేసి, పైకి పోలేక కిందికి రాలేక ఒక చిన్న అరుగు మీద చీకటి పడేదాకా నిలబడిపోయినవారి సందర్భం అది.

కనుక తర్వాతి దారికి సిద్ధమయ్యారో లేదో తేల్చుకోవడానికి నేను ఒకే కొలమానం వాడతాను. ఇప్పుడు చేస్తున్న స్థాయి దారిలో అత్యంత కష్టమైన చోటును, ఎవరూ కింద నుంచి చెప్పకుండా, తొందర లేకుండా, కాళ్ళు వణకకుండా తిరిగి దిగగలిగితే ఆ స్థాయి మీకు వచ్చినట్టు. అంతవరకు పై స్థాయికి వెళ్ళడంలో అర్థం లేదు, ఎందుకంటే ఆ స్థాయిలో వెనక్కి తగ్గే స్వేచ్ఛ మీకు ఉండదు.

ఇక గ్రేడ్ల విషయం. బ్రిటన్‌లో ఈ దారులను 1, 2, 3 అని విభజిస్తారు. గ్రేడ్ 1 లో ప్రధానంగా నడకే ఉంటుంది, అక్కడక్కడ చేతులు కావాలి, కష్టమైన చోట్లను చాలావరకు పక్కనుంచి తప్పించుకోవచ్చు. గ్రేడ్ 2 లో చేతులు వాడే భాగాలు పొడుగ్గా, నిటారుగా ఉంటాయి, మధ్యలో దారి విడిచి బయటపడడం కష్టం, కొన్నిచోట్ల తాడు ఉంటే బాగుండునని చాలామందికి అనిపిస్తుంది. గ్రేడ్ 3 కి వచ్చేసరికి కొన్ని భాగాలు తేలిక స్థాయి రాక్ క్లైంబింగే అవుతాయి, తాడూ దాన్ని వాడే విద్యా లేనివారు అక్కడికి వెళ్ళకూడదు.

ఈ అంకెలు ప్రధానంగా రాయి పొడిగా ఉన్న వేసవి రోజున ఆ దారి ఎంత కష్టమో చెబుతాయి. కాలి కింద లోతు ఎంతసేపు మిమ్మల్ని వెంటాడుతుందో, దారి కనిపెట్టడం ఎంత కష్టమో, మధ్యలో మనసు మార్చుకుంటే ఏమవుతుందో వాటిలో పూర్తిగా కనిపించదు. స్ట్రైడింగ్ ఎడ్జ్ మీద కొన అంచుకు కొంచెం దిగువన చాలా మేర ఒక కాలిబాట ఉంది, భయం వేసినవారు దాన్ని పట్టుకుంటారు. క్రిబ్ గోఖ్ మీద ఆ వెసులుబాటు లేదు. 923 మీటర్ల ఎత్తున ఉన్న ఆ సన్నని గట్టు మీద చేతులతో అంచును పట్టుకుని, కాళ్ళు దక్షిణపు వాలు మీద ఆనించి పక్కకు జరుగుతూ పోవాలి. ఉత్తరపు పక్క ఒక్కసారిగా లోయలోకి తెగిపోయి ఉంటుంది. వేయవలసిన అడుగులు విడివిడిగా చూస్తే కష్టం కావు, కానీ వాటిని ఆ లోతు మీద, మధ్యలో విశ్రాంతి లేకుండా, చాలాసేపు వేయాలి. మీ ముగ్గురిలో ఒకరికి మధ్యలో ధైర్యం చెదిరితే మిగతా ఇద్దరూ ఏం చేయగలరో ఇంటి దగ్గరే ఆలోచించుకోవాలి.

నన్ను అడిగితే ముందు కాపెల్ క్యూరిగ్ దగ్గరి మోయెల్ షాబొద్ కొండకు వెళ్ళండి. 872 మీటర్ల ఆ కొండకు చిన్న సరస్సు మీదుగా లేచే దయార్ దీ అనే గట్టు ఉంది. దాని మంచితనం ఏమిటంటే కష్టాన్ని మీరే ఎంచుకోవచ్చు. నిటారు రాయి వద్దనుకుంటే కొద్ది అడుగుల దూరంలోనే తేలికైన నేల దొరుకుతుంది. శిఖరం చేరడం ఆ రోజు ముఖ్యం కాదు. ఒక మెట్టు ఎక్కండి, అదే మెట్టు దిగండి, మళ్ళీ ఎక్కండి. ముగ్గురూ వంతులవారీగా చేయండి, కింద ఉన్నవారు నోరు విప్పకూడదని నియమం పెట్టుకోండి. ఆ తర్వాత ఓగ్వెన్‌లో ఇ గ్రిబిన్ గట్టు మీదుగా గ్లిడర్ కొండల పైకి ఎక్కి, మరో రోజు పైనుంచి అదే గట్టు దిగండి. చాలామంది దాన్ని దిగుదారిగానే వాడతారు కనుక అది మంచి పరీక్ష.

ఆ రెండూ నెమ్మదిగా జరిగాక ట్రివాన్ కొండ ఉత్తరపు గట్టు. లిన్ ఓగ్వెన్ సరస్సు పక్కన ఏ5 రోడ్డు మీద నుంచే మొదలై, 917 మీటర్ల శిఖరం దాకా మెట్లుమెట్లుగా లేచే ఆ దారికి ఒక స్పష్టమైన బాట లేదు. రాళ్ళ మధ్య అరిగిన జాడలు విడిపోతూ కలుస్తూ ఉంటాయి, వాటిలో చాలా భాగం ఎక్కడికీ పోకుండా ఆగిపోతాయి. అక్కడ నేర్చుకోవలసినది చేతుల పని కంటే చూపు పని. ఎదురైన చోటు గ్రేడ్ 1 కంటే కష్టంగా అనిపిస్తే దారి తప్పారని అర్థం, అప్పుడు ఉన్నచోటి నుంచి పైకి తోసుకుపోకుండా చివరిసారి దారి తేలికగా ఉన్న చోటికి దిగి చుట్టూ చూడాలి. తూర్పు పక్కకు కానీ పడమటి పక్కకు కానీ జారుకుంటూ పోకుండా గట్టు నడుమనే ఉండడం మేలు. శిఖరం మీద ఆడమ్, ఈవ్ అని పిలిచే రెండు నిలువు రాళ్ళున్నాయి. ఒకదాని మీద నుంచి రెండోదాని మీదికి దూకడం ఇక్కడివారి ఆచారం, కానీ రాయి తడిగా ఉన్న రోజున దాని జోలికి పోవద్దు.

ట్రివాన్ దక్షిణం వైపు కనుమలోకి దిగాక ఇంకా ఓపిక ఉంటే ఎదురుగా బ్రిస్ట్లీ రిడ్జ్ లేస్తుంది. దాని మీదుగా 994 మీటర్ల గ్లిడర్ వాఖ్ చేరవచ్చు. అది కూడా గ్రేడ్ 1 అయినా ట్రివాన్ కంటే నిటారుగా, కాలికింద లోతు ఎక్కువగా ఉంటుంది. ఓపిక లేకపోతే పక్కనే రాళ్ళ జారుడు మీదుగా ఒక బాట ఉంది. ఈ రెండూ ఒకే రోజున, ఒకరి ముఖంలోనూ కంగారు లేకుండా పూర్తయితే క్రిబ్ గోఖ్‌కు మీరు సిద్ధమని నేను చెప్పగలను.

మీరు చెప్పిన చిమ్నీలాంటి చోట దిగడానికి నాకు తెలిసిన పద్ధతి చెబుతాను. అంచు చేరకముందే ఆగి, వంగి, కిందనున్న అరుగులను పై నుంచి చూసి, కాళ్ళు పెట్టబోయే రెండు మూడు చోట్లను మనసులో గుర్తు పెట్టుకోండి. ఆ తర్వాతే రాతివైపు తిరగండి. చేతులను నడుము ఎత్తుకు వచ్చేలా కిందికి దించి పట్టుకోండి, తలపైన పట్టుకున్న చేతులతో దిగితే ఒళ్ళు రాతికి అతుక్కుపోయి కాళ్ళు కనిపించవు. పిరుదులను కొంచెం వెనక్కి తీసి, రెండు కాళ్ళ నడుమ నుంచి కిందికి చూడండి. ఒక్కో కాలు దింపి, అది నిలిచిందని తెలిశాకే చేయి మార్చండి, మూడు చోట్ల ఎప్పుడూ ఆధారం ఉండాలి. కొత్త రాయిని పట్టుకునే ముందు అరచేతి మడమతో ఒకసారి తట్టండి. బోలుగా డబడబమంటే దాన్ని లాగవద్దు, అవసరమైతే కిందికి మాత్రమే నొక్కండి.

జవాబు: బ్లెంకాథ్రా పొరుగు, పెన్రిత్

పైన చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తున్నాను, ఒక్క వరుస విషయంలో నా అభిప్రాయం వేరు. ట్రివాన్ మీద దారి తప్పడం తేలిక, క్రిబ్ గోఖ్ మీద దారి తప్పడం కష్టం, ఎందుకంటే గట్టు ఒక్కటే, దాని మీద పోవడం తప్ప వేరే ఆలోచన రాదు. కాలికింద లోతు చూసి బెదరని మనిషికి, గాలి లేని పొడి రోజున, ట్రివాన్ కంటే ముందే క్రిబ్ గోఖ్ రావచ్చు. మ్యాపు చదవడంలో బలంగా ఉండి లోతుకు అలవాటు పడనివారికి మాత్రం ఓగ్వెన్ వారు చెప్పిన వరుసే సరైనది. మీరు ఏ రకమో మీకే తెలియాలి, ముగ్గురూ ఒకే రకం అయి ఉండకపోవచ్చు కూడా.

అయితే వరుస కంటే నాకు ఎక్కువ పట్టింపు ఉన్నది తడి విషయంలో. లేక్ డిస్ట్రిక్ట్‌లోని మా బ్లెంకాథ్రా కొండ మీద షార్ప్ ఎడ్జ్ అనే గట్టు ఉంది, అది కూడా గ్రేడ్ 1. పొడుగు తక్కువ, ఏ66 రోడ్డు పక్కన స్కేల్స్ ఊరి నుంచి నడిస్తే పొద్దునే చేరిపోవచ్చు. కానీ ఆ గట్టు పలక రకం రాయి. లక్షల పాదాలు నడిచి దాని మీది గరుకుతనం అరిగిపోయింది, పొరలు వాలుగా పేర్చినట్టుంటాయి. గట్టు చివరికి వస్తూండగా బయటికి వాలిన ఒక నున్నని పలక దాటాలి. పొడిగా ఉంటే రెండడుగుల పని, చినుకు పడ్డాక అదే చోటు మనుషులను లోయలోకి జార్చేస్తుంది, అక్కడ ప్రాణాలు పోయిన సంగతి ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. హెల్వెల్లిన్ మీది అగ్నిపర్వత శిల తడిసినా కొంత పట్టు ఇస్తుంది, ఈ పలక ఇవ్వదు. అందుకే కొత్త కొండకు వెళ్ళేముందు దాని గ్రేడ్‌తో పాటు అది ఏ రకం రాయో, నీడ పడే పక్కనుందో ఎండ తగిలే పక్కనుందో కూడా తెలుసుకోండి. రాత్రి వాన ఆగినా ఉత్తరపు ముఖాలు మధ్యాహ్నం దాకా ఆరవు. నాచు పట్టిన రాయి అయితే ఆ రోజుకు ఆరదనే అనుకోవాలి.

అదే బ్లెంకాథ్రాకు దక్షిణం నుంచి హాల్స్ ఫెల్ గట్టు ఉంది. అదీ గ్రేడ్ 1, నేరుగా 868 మీటర్ల శిఖరం మీదికే చేరుస్తుంది, ఎండ బాగా తగులుతుంది. షార్ప్ ఎడ్జ్ కంటే ముందు దాన్ని చేయమంటాను. లాంగ్‌డేల్‌లో పేవీ ఆర్క్ రాతిగోడకు అడ్డంగా పోయే జాక్స్ రేక్ గురించి కూడా మీరు వినే ఉంటారు. గ్రేడ్ 1 అని ఉన్నా దాన్ని మీ ఇప్పటి స్థాయికి నేను సిఫారసు చేయను. పై గోడ మీది నీరు ఆ గాడిలోకే దిగుతుంది కనుక వేసవిలో కూడా అది పొడిగా దొరకడం అరుదు, జారితే కింద ఆపేది ఏమీ ఉండదు.

గాలి గురించి కూడా ఒక మాట. కార్ పార్క్‌లో చెట్ల ఆకులు కదలకపోయినా గట్టు మీద మనిషిని తూలించే గాలి ఉండవచ్చు. మౌంటెన్ వెదర్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ వారి సూచనలో శిఖరాల ఎత్తున గాలి వేగం ఎంతో, అది నడకను ఎలా దెబ్బ తీస్తుందో వాక్యాల్లో రాస్తారు. సన్నని గట్టు దాటే రోజున ఈదురు గాలులు గంటకు 30 మైళ్ళు మించుతాయని ఉంటే నేను వేరే దారి ఎంచుకుంటాను.

జవాబు: భువనగిరి బండ, హైదరాబాద్

నేను బ్రిటన్‌లో కొన్నేళ్ళు ఉండి తిరిగి వచ్చాను, అక్కడి దారులూ ఇక్కడి బండలూ రెండూ తెలుసు కనుక రాస్తున్నాను. మీరు సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు భువనగిరి వెళ్ళండి. కోట ఉన్న ఆ ఏకశిల మీద రాక్ క్లైంబింగ్ శిక్షణ ఇస్తారు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్‌ల శిక్షణ మొదలైంది ఆ బండ మీదే. తాడు కట్టుకుని, తెలిసినవారి పర్యవేక్షణలో, నిటారు రాతి మీద కాలు నిలపడం అక్కడ నేర్చుకోవచ్చు.

కానీ ఒక తేడా గుర్తుంచుకోవాలి. మన గ్రానైట్ గరుకుగా ఉంటుంది, వాలు బండ మీద అరికాలు మొత్తం ఆనించి, మడమ దించి, ఒరిపిడి మీద నమ్మకంతో నడుస్తాం. వేల్స్‌లో ఎక్కువగా అంచులు, పగుళ్ళు, అరుగులు ఉంటాయి. అక్కడ బూటు ముందు అంచును చిన్న మెట్టు మీద సరిగ్గా నిలపడం కావాలి. ఇక్కడి ఒరిపిడి మీద పెరిగిన ధైర్యాన్ని అక్కడి తడి రాతి మీద వాడుకోకూడదు. అడుగు భాగం మెత్తగా వంగిపోయే పరుగు బూట్ల కంటే ముందు భాగం గట్టిగా ఉండి, రబ్బరు అరగని బూట్లు మీకు ఉపయోగపడతాయి.

మాంచెస్టర్‌లో లోపలి క్లైంబింగ్ గోడలకు కొదవ లేదు కనుక చలికాలం వృథా చేయకండి. అక్కడ అందరూ పైదాకా ఎక్కి తాడు మీద వేలాడి దిగుతారు, లేదా పరుపు మీదికి దూకుతారు. మీరు మాత్రం అతి తేలికైన దారులను ఎంచుకుని ఎక్కడానికి పట్టుకున్న పట్టుల మీదే తిరిగి దిగండి. భయం విషయంలో కూడా ఇదే నా అనుభవం. నేల నుంచి కొద్ది ఎత్తులో కాళ్ళు పెట్టే పద్ధతి ఒంటికి అలవాటైపోతే, లోతు కనిపించినప్పుడు ఆలోచించవలసిన పని ఒకటి తగ్గుతుంది, ఆ మేరకు తల చల్లగా ఉంటుంది.

ప్రశ్న వేసినవారి నుంచి: పెన్నైన్ బాటసారి, మాంచెస్టర్

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మోయెల్ షాబొద్‌తో మొదలుపెట్టాలని ముగ్గురం అనుకున్నాం. మాలో ఒకరికి లోతు చూస్తే నిజంగానే తల తిరుగుతుందని ఈ జవాబులు చదువుతూ మాట్లాడుకున్నప్పుడే బయటపడింది. ఇప్పుడు రెండు సందేహాలు మిగిలాయి. ఆ స్నేహితురాలి కోసం 30 మీటర్ల తాడు ఒకటి కొని సంచిలో పెట్టుకుంటే మంచిదా? లేదా డబ్బు పెట్టి ఒక శిక్షకుణ్ణి పెట్టుకోవడం మంచిదా? అలాగే ఏనఖ్ ఏగఖ్ గ్రేడ్ 2 అంటారు, అది ఇప్పట్లో కాదని తెలిసింది, కానీ దానికి దారి ఎలా వేసుకోవాలి?

జవాబు: రానక్ గాలి, గ్లాస్గో

తాడు కొనవద్దని చెప్పడం లేదు, దానితో ఏం చేయాలో నేర్చుకోకముందు కొనవద్దు. ఇద్దరు మనుషులు తాడుతో ముడిపడి ఉండి, ఆ తాడు రాతికి ఎక్కడా ఆని లేకపోతే, ఒకరు జారినప్పుడు రెండోవారు కూడా పోతారు. స్క్రాంబ్లింగ్‌లో తాడు పని ఏమిటంటే, నమ్మదగిన రాతి కొమ్ము ఒకటి ఎంచుకుని, దాన్ని తోసి, తట్టి, లాగి చూసి, స్లింగ్ అనే పట్టీ వేసి, తాను కదలకుండా కూర్చుని, కిందివారి బరువును ఆ రాతి మీదికి పోయేట్టు పట్టుకోవడం. ఎక్కడ తాడు వాడాలి, ఎక్కడ వాడితే ఆలస్యమై చీకటి ముంచుకొస్తుంది అన్న తీర్పు అంతకంటే కష్టం. ఇది చదివి వచ్చే విద్య కాదు, ఒకరి పక్కన ఉండి చేతులతో చేస్తేనే వస్తుంది.

కనుక మీ ముగ్గురూ కలిసి శిక్షకుడి ఖర్చు పంచుకోవడమే మంచిది. అయితే అర్హత చూసి పెట్టుకోండి. మౌంటెన్ లీడర్ అర్హత ఉన్నవారు కొండల్లో మనుషులను చక్కగా నడిపించగలరు, కానీ తాడు వాడతామని ముందే అనుకుని వెళ్ళే దారులు ఆ అర్హత పరిధిలోకి రావు. స్క్రాంబ్లింగ్ నేర్పడానికీ, తాడు మీద మనుషులను తీసుకెళ్ళడానికీ మౌంటెనీరింగ్ అండ్ క్లైంబింగ్ ఇన్‌స్ట్రక్టర్ అర్హత ఉన్నవారు కావాలి. కాపెల్ క్యూరిగ్‌లోని ప్లాస్ ఇ బ్రెనిన్ జాతీయ కేంద్రంలో ఇలాంటి కోర్సులు నడుస్తాయి. శిక్షకుణ్ణి పెట్టుకున్న రోజున "మమ్మల్ని ఫలానా శిఖరం ఎక్కించండి" అని కోరకండి. "మాకు దిగడం, దారి ఎంచుకోవడం, తల తిరిగే మనిషిని చిన్న తాడుతో కాపాడడం నేర్పండి" అని ముందే రాసి పంపండి. ఆ రోజు మీ స్నేహితురాలు తప్పక ఉండాలి. కొందరికి లోతు అలవాటవుతుంది, కొందరికి ఎప్పటికీ కాదు. కాకపోతే ఆమెను క్రిబ్ గోఖ్ మీదికి బతిమాలి తీసుకెళ్ళకండి, ఆ రోజున ఆమె పిగ్ ట్రాక్ అనే నడకదారి మీదుగా స్నోడన్ చేరవచ్చు, పైన కలుసుకోవచ్చు.

హెల్మెట్ గురించి ఎవరూ రాయలేదు. పెట్టుకోండి. ఈ దారుల్లో రాళ్ళు పడేది ఎక్కువగా మీకంటే పైన నడిచేవారి కాళ్ళ కింద నుంచే, అందులోనూ సెలవు రోజుల్లో ట్రివాన్ మీదా క్రిబ్ గోఖ్ మీదా జనం బారులు తీరి ఉంటారు. మీ కాలు తగిలి రాయి కదిలితే సిగ్గుపడకుండా గట్టిగా "బిలో", అంటే కింద జాగ్రత్త, అని అరవండి, ఆ కేక ఇక్కడ అందరికీ తెలుస్తుంది.

ఇక ఏనఖ్ ఏగఖ్. దాని కష్టం ఏ ఒక్క అడుగులోనూ లేదు, పొడుగులో ఉంది. తూర్పున అమ్ బొదఖ్ శిఖరం నుంచి మొదలుపెట్టి పడమటికి పోతారు. ఆ శిఖరం దాటగానే దిగవలసిన మొదటి చోటే చాలామందికి ఆ రోజుకు అత్యంత కష్టమైనదిగా మిగిలిపోతుంది, అంటే ఓగ్వెన్ వారు చెప్పిన దిగుడు పరీక్ష ఇక్కడ మొట్టమొదటే ఎదురవుతుంది. అక్కడ కాళ్ళు వణికితే వెనక్కి తిరగడానికి అదే సరైన సమయం. అది దాటాక సన్నని గట్టు ముగిసేదాకా దక్షిణంగా గ్లెన్‌కో రోడ్డు వైపు క్షేమంగా దిగే దారి లేదు. రోడ్డు మీది కార్లు కిందే కనిపిస్తుంటాయి, అలసిన మనిషికి నేరుగా దిగిపోదామని మనసు లాగుతుంది, ఆ గాడులన్నీ నిటారు గోడల్లో ముగుస్తాయి. గట్టంతా దాటి చివరి శిఖరం చేరాక కూడా క్లాఖెగ్ గల్లీ అనే నిటారు గాడి పక్కనుంచి నేరుగా దిగే బాట పట్టుకోవద్దు. అది రాళ్ళు జారే చెడ్డ దిగుడు. పాప్ ఆఫ్ గ్లెన్‌కో అనే కొండ వైపు కనుమ దాకా నడిచి అక్కడి నుంచి దిగడం పొడుగైనా మంచిది.

దానికి సిద్ధం కావాలంటే ట్రివాన్, బ్రిస్ట్లీ రిడ్జ్, క్రిబ్ గోఖ్ అయ్యాక, శిక్షకుడితో ఒకటో రెండో గ్రేడ్ 2, గ్రేడ్ 3 దారులు చేయండి. లేక్ డిస్ట్రిక్ట్‌లో సెయింట్ సండే క్రాగ్ మీది పినకిల్ రిడ్జ్ గ్రేడ్ 3, మీకు దగ్గర కూడా. తాడు మీద గ్రేడ్ 3 లో నిబ్బరంగా ఉన్న మనిషి గ్రేడ్ 2 లో తాడు అవసరమా కాదా అన్నది తానే తేల్చుకోగలరు. ఆ లోపల ఒక రోజు మీకు తెలిసిన గ్రేడ్ 1 దారులు రెండింటిని కలిపి ఎనిమిది తొమ్మిది గంటలు నడిచి, చివరి గంటలో మీ కాళ్ళు ఎలా పెడుతున్నారో గమనించండి. ఏనఖ్ ఏగఖ్ మీద మీకు కావలసిన ఏకాగ్రత ఆ చివరి గంటది.

ఇవన్నీ మే నుంచి సెప్టెంబర్ దాకా మాటలు. మంచు పడ్డాక ఇవే గట్లు ఐస్ యాక్స్ (మంచుగొడ్డలి), క్రాంపాన్లు (బూట్లకు కట్టుకునే ఇనుప ముళ్ళు) కావలసిన శీతాకాలపు క్లైంబింగ్ దారులవుతాయి, వేసవి గ్రేడ్లు అప్పుడు చెల్లవు. ఏప్రిల్‌లో కూడా స్కాట్లండ్ గట్ల మీద మంచు మిగిలి ఉండడం మామూలే.

జవాబు: ఓగ్వెన్ లోయ, బాంగర్

పెన్రిత్ వారి మాట నిజమే. లోతుకు బెదరని ఇద్దరికి క్రిబ్ గోఖ్ ముందు వచ్చినా తప్పు లేదు. కానీ ఇప్పుడు మూడో మనిషి సంగతి తెలిసింది కనుక ముగ్గురూ కలిసి వెళ్ళే దారులకు నా వరుసే ఉంచుతాను.

క్రిబ్ గోఖ్ రోజు కోసం కొన్ని విషయాలు. దారి మొదలయ్యే పెన్-ఇ-పాస్ కార్ పార్క్‌లో వేసవి కాలంలో ముందుగా బుక్ చేసుకోకపోతే చోటు ఉండదు, లోయ నుంచి షెర్పా అనే పేరుతో బస్సులు నడుస్తాయి. వారం మధ్యలో సెలవు పెట్టగలిగితే పెట్టండి. పిగ్ ట్రాక్ మీద కనుమ చేరాక క్రిబ్ గోఖ్ దారి కుడివైపుకు విడిపోతుంది. మబ్బులో స్నోడన్ దారి అనుకుని తెలియక ఆ దారి పట్టినవారు చాలామంది ఉన్నారు, కనుక అక్కడ ఆగి ఇద్దరూ మ్యాపు చూసుకోండి. తూర్పు గట్టు ఎక్కుతున్నప్పుడే, అంటే సన్నని అంచు మీదికి చేరకముందే, వెనక్కి తిరగాలా అన్న నిర్ణయం తీసుకోండి. పైకి చేరాక వెనకనుంచి వచ్చే జనానికి ఎదురు నడిచి అదే నిటారు గట్టు దిగడం ముందుకు పోవడం కంటే కష్టం. అంచు ముగిశాక వచ్చే రాతి కొమ్ముల దగ్గర చాలామంది గండం గడిచిందనుకుని చేతుల మీద శ్రద్ధ తగ్గిస్తారు. అక్కడ రాయి గట్టిగానే ఉంటుంది, పట్లు బాగానే ఉంటాయి, కానీ లోతు ఇంకా అంతే ఉంటుంది, కనుమలో గడ్డి నేల మీద కాలు పెట్టేదాకా మాట్లాడుకోవద్దని నేను నాతో వచ్చేవారికి చెబుతాను.

సాయం కావలసి వస్తే 999 కు ఫోన్ చేసి ముందు పోలీసులను, తర్వాత మౌంటెన్ రెస్క్యూను అడగాలి. నేరుగా మౌంటెన్ రెస్క్యూ అని అడిగితే ఆలస్యం కావచ్చు. సిగ్నల్ సరిగా లేని చోట సందేశం పంపే సదుపాయం ఉంది, దానికి ముందే పేరు నమోదు చేసుకోవాలి, "రిజిస్టర్" అనే మాటను ఇంగ్లిష్‌లో 999 కు సందేశంగా పంపితే చాలు. విజిల్ అయితే నిమిషానికి ఆరుసార్లు ఊది ఒక నిమిషం ఆగి మళ్ళీ ఊదాలి. సహాయక దళాల్లో ఉన్నవారు జీతం లేని స్వచ్ఛంద సేవకులు, పిలవడానికి మొహమాటపడి చీకటి పడేదాకా ఆగినవారిని వెతకడం వారికి ఇంకా కష్టం.

షాబొద్‌కు వెళ్ళే వారాంతం ఏదో ఇక్కడ రాయండి. వాతావరణం బాగుంటే నేను కూడా వస్తాను, దయార్ దీ కింది భాగంలో ఎక్కి దిగడానికి వీలైన రెండు మెట్లు నాకు తెలుసు, మీ ముగ్గురికీ చూపిస్తాను.